దస్తరముల గదిలో మన తెలుగు

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని సంఘము వారు కోరినప్పుడు మేము రెండు దినములు సందేహించితిమి. త్యాగరాజును గూర్చి, కూచిపూడిని గూర్చి, శతక వాఙ్మయమును గూర్చి వ్రాయదగిన పెద్దలు మనలో ఉన్నారు. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, క్రిమినలు కోర్టు కచేరీలో గుమాస్తాగా చేరి, ముప్పదియెనిమిది సంవత్సరములు కాగితముల నడుమ గడిపి, 2017లో పింఛను పుచ్చుకొన్నవారము. మాకు బాగుగా తెలిసినది ఒక్కటే, దస్తరముల గది. ఆ గదిలో ఉండునవి దొంగతనములు, కొట్లాటలు, జామీనులు, జైలు శిక్షలు. పండుగనాడు వెలువడు సంచికలో ఈ అమంగళపు ప్రసంగ మేలయని కొందరు అనుకొనవచ్చును. అయినను మన పూర్వుల మాట, మన భాష, మన బీదల బ్రతుకు ఆ గదిలో ఉన్నంతగా మరియెచ్చటను లేవని మా నమ్మకము. అదియునుగాక, ఆ గది విషయమున మేము చేసిన తప్పొకటి కలదు. దానిని చెప్పుకొనుటకు ఇంతకంటె తగిన చోటు మాకు దొరకదు.

మా ముత్తాత శ్రీకాకుళము ప్రాంతము నుండి గంజాం జిల్లాకు వచ్చి స్థిరపడెనని ఇంటి పెద్దలు చెప్పగా వింటిమి. ఆనాటికి అది పరాయి నేల కాదు. బరంపురము, ఛత్రపురము, పర్లాకిమిడి అన్నియు మదరాసు రాజధానిలోనివే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో అధిక భాగమును, జయపురము సంస్థానమున్న కొండ ప్రాంతమును అందు చేరినవి. మేము ఇల్లు కదలలేదు, సరిహద్దు కదలినది. మా చదువు ఒడియాలో సాగినది. తెలుగక్షరములు మా నాయన పెద్దబాలశిక్ష ముందుపెట్టి దిద్దించెను. గొలుసుకట్టు వ్రాత మాత్రము మా తాతగారి జమాఖర్చు పుస్తకములను చూచి చూచి అలవరచుకొంటిమి. ఆ విద్య మాకెప్పుడైన అక్కరకు వచ్చునని ఆనాడు ఎవ్వరును తలపలేదు.

మేము పనిచేసిన కచేరి దక్షిణ ఒడిశాలోని ఒక పట్టణమున ఉన్నది. దాని పేరు ఇచ్చట అనవసరము. కచేరి వెనుక పెంకుటింటిలో దస్తరముల గది. నేల నుండి వెన్నుగాడి వరకు మ్రాను బల్లల అరలు. అరలలో ఎఱ్ఱగుడ్డలో చుట్టి దారముతో బిగించిన కట్టలు. ప్రతి కట్ట మీద సంవత్సరము, కేసు నంబరు వ్రాసిన అట్టముక్క. వానాకాలమున గోడలు చెమ్మగిల్లును. మాఘ ఫాల్గుణములలో చెదలు లేచును. వేపాకును, నాఫ్తలీను ఉండలును పెట్టి మేము వాటితో యుద్ధము చేయుచుంటిమి. తలుపు తీసినంతనే ముక్కున కొట్టు ఆ పాత కాగితపు వాసన ఇప్పటికిని కలలో వచ్చుచుండును.

క్రిమినలు కేసనగా తీర్పు ఒక్కటే యని చాలమంది అనుకొందురు. తీర్పు కొన మాత్రమే. మొదట ఠాణాలో ఫిర్యాదు, దాని నకలు. పిదప నేరము జరిగిన చోటి పంచనామా. ఊరి పెద్దల చేవ్రాళ్లు లేక నిశానీలు. దొరికిన వస్తువుల పట్టిక. జామీను పత్రము, ముచ్చలికా. ఫిర్యాది వాఙ్మూలము, సాక్షుల వాఙ్మూలములు, ముద్దాయి చెప్పుకొన్నది. అటుపిమ్మట తీర్పు. ఇందు తీర్పు ప్రభువుల మాట. తక్కినవన్నియు ప్రజల మాటలు. భూములున్నవారికి దస్తావేజులు మిగిలినవి. చదువుకొన్నవారికి గ్రంథములు మిగిలినవి. కూలివాడు, చింతపండు అమ్ముకొను ముసలమ్మ, బండి తోలువాడు, వీరి నోట వచ్చిన మాటను వచ్చినట్లు ఎవరైన కాగితము మీద పెట్టిరనగా అది కచేరీలోనే. అదియు వారు కష్టములో పడిన నాడు మాత్రమే.

ఆ కాగితములు కలకాలము ఉండవు. న్యాయస్థానముల కాగితములను తీసివేయుటకు నియమములు చేయు అధికారమును 1917 నాటి చట్టము హైకోర్టులకు ఇచ్చినది. ఆ నియమముల ప్రకారము కొన్ని కాగితములు ఎల్లప్పుడును ఉండవలెను, కొన్ని ఇన్నియేండ్లకు పోవలెను. ఇది అవసరమే. ప్రతి కాగితమును దాచినచో ఊరంత గది కావలసివచ్చును. కాని గడువు తీరి ముందుగా పోవునవి చిన్న కేసుల వాఙ్మూలములే. పెద్దల మాట నిలిచి పేదల మాట పోవు వరుసయిది.

మా జిల్లా కచేరీలలోనికి తెలుగు ఎట్లు వచ్చినదో పిల్లలకు తెలియదు గనుక కొంచెము చెప్పెదము. ఉత్తర సర్కారులు కుంఫిణీ వారి చేతికి వచ్చిన పిదప 1802లో జిల్లా న్యాయస్థానములు ఏర్పడినవి. 1816 నాటి రెగ్యులేషను గ్రామ పెద్దలకును తలారులకును ఊరి కాపుదల అప్పగించి, పైన తహసీలుదారుని, ఆపైన కలెక్టరును మేజిస్ట్రేటుగా నిలిపినది. శిస్తు వసూలు చేయు చేతనే దొంగను పట్టుటయు జరుగుచుండెను. ఆ పద్ధతిలో జనులు పడిన బాధలపై మొర ఎక్కువై, చిత్రహింసలను విచారించుటకు మదరాసు ప్రభుత్వము నియమించిన సంఘము 1855లో నివేదిక ఇచ్చినది. అటుపిమ్మట 1859 నాటి చట్టముతో పోలీసు వారు రెవెన్యూ నుండి వేరై ప్రత్యేక శాఖగా నిలిచిరి. 1862 జనవరి 1 నుండి ఇండియా శిక్షాస్మృతి అమలులోనికి వచ్చినది. గంజాం, విశాఖపట్టణము జిల్లాల కొండ ప్రాంతములకు మాత్రము ఈ సాధారణ న్యాయస్థానములు లేవు. 1839 నాటి చట్టము వాటిని కలెక్టరుకే ఏజెంటు అను పేరిట అప్పగించినది.

ఈ కాలమందంతయు మా జిల్లా కచేరీలలో ఇంగ్లీషు తోడి పీట తెలుగుది. గుమాస్తాలు, సిరస్తాదారులు చాలమంది తెలుగువారు. ఇందువలన ఒడియావారికి తమ మాట తమ లిపిలో వ్రాయబడుట లేదన్న కొరత కలిగినది. అది న్యాయమైన కొరతయే. దానిని దాచిపెట్టి మన గొప్పను మాత్రము చెప్పుకొనుట ధర్మము కాదు. ఒడియా మాటాడు రైతు చెప్పినదానిని తెలుగు గుమాస్తా తెలుగులో వ్రాసిన కాగితములు మేమే చూచితిమి. ఆ కాగితములు ఇప్పుడు వారివియు మనవియు కూడ. వారి పూర్వుల కథను చదువుటకు వారికి మన లిపి కావలెను.

కాగితములు చెదరిన తీరు కూడ విచిత్రమైనది. 1936 వరకు మా జిల్లా అప్పీళ్లు మదరాసు హైకోర్టుకు పోయినవి. అటుపైన పాట్నా హైకోర్టుకు పోయినవి. 1948 జూలై 26న కటకమున ఒరిస్సా హైకోర్టు ఏర్పడిన తరువాత అచ్చటికి పోయినవి. ఒక్క జిల్లా కథ మూడు పట్టణములలో పంచుకొనబడినది. ఎవరైన సమగ్రముగ వ్రాయదలచినచో ముగ్గురు అన్నదమ్ముల ఇండ్లకు తిరిగి పాలు అడిగినట్లు తిరుగవలెను.

ఇక మా తప్పు.

1994లో మా గదిలో ఒక అరను చెదలు తినివేసినవి. గడువు తీరిన కట్టలను ఏరి తీసివేయుడని పైనుండి తాఖీదు వచ్చెను. ఏరునప్పుడు మూలనున్న బల్ల క్రింద పదకొండు కట్టలు బయటపడినవి. అన్నియు 1936కు ముందటివి. అన్నియు తెలుగు. చట్టప్రకారము వాటి గడువు ఏనాడో తీరినది. అయినను ఎట్లు బ్రతికినవో చూడుడు. కట్టను తీసివేయవలెనన్న పట్టికలో కేసు నంబరు, సెక్షను, పరిష్కారము వ్రాయవలెను. అది వ్రాయవలెనన్న చదువవలెను. మాకు ముందున్నవారు ఒక చీటీ మీద "భాష తెలియదు" అని వ్రాసి మరల బల్ల క్రిందికి నెట్టిరి. తరువాతివారును అట్లే చేసిరి. చదువువాడు లేకపోవుటయే వాటికి కోటగోడయై నిలిచినది.

ఆ కచేరీలో తెలుగు చదువగలవారము మేమొక్కరమే. పై అధికారి మమ్ము పిలిచి ఆ పని అప్పగించెను. మాకు లోలోపల గర్వము కలిగినది. మన విద్యకు ఒక విలువ వచ్చినదని ఇంటికి వచ్చి చెప్పుకొంటిమి. ఒక వారము దినములు కూర్చుండి ఒక్కొక్క కట్టయు విప్పితిమి. సిరా గోధుమరంగుకు తిరిగియుండెను. కొన్నిచోట్ల సిరాయే కాగితమును తిని చిల్లులు పెట్టినది. ఫసలీలు, రూపాయి అణా పైసలు, తెలుగు అంకెలు, మాటకు మాటకు ఎడము లేని గొలుసుకట్టు.

అందొక వాఙ్మూలము కలదు. సంతలో చింతపండు అమ్ముకొను ఒక స్త్రీది. తలారి తనకు రావలసిన వంతని చింతపండు అడిగెను. ఆమె ఇయ్యలేదు. అతడు ఆమె ఇత్తడి చెంబు లాగికొనెను. ఆమె రెండు దినములు నడచి మేజిస్ట్రేటు విడిదిచేసిన చోటికి వచ్చి మొర పెట్టుకొనెను. వ్రాసిన గుమాస్తా ఎవడో గాని దొడ్డవాడు. ఆమె మాటను దిద్దలేదు. ఆమె మేజిస్ట్రేటును "బుగతా" అని పిలిచినది. "నాకు గుంటలు ముగ్గురు, నీళ్లు దేనితో పొయ్యను, ఏటి చెయ్యను" అన్నది. "చింతపండు పోతే పోనీ, సెంబు మా యమ్మది" అన్నది. క్రింద ఆమె నిశానీ, ఒక వంకర గీత. మేజిస్ట్రేటు తలారికి జరిమానా వేసి చెంబు ఇప్పించెను. అంతయు రెండు కాగితములు.

మా నాయనమ్మ అట్లే మాటాడెడిది. బడిలోగాని పత్రికలలోగాని ఆ మాటలు అచ్చులో మేము చూచినవారము కాము. చదువుచు చదువుచు నవ్వితిమి. ఆ నవ్వు విని పై అధికారి, "ఏముందయ్యా అందులో?" అని అడిగెను.

"చిల్లర కేసండి. ఒక చెంబు తగాదా" అంటిమి.

"అయితే పట్టికలో ఎక్కించు."

ఎక్కించితిమి. పదకొండు కట్టలకును పట్టిక వ్రాసి క్రింద మా చేవ్రాలు పెట్టితిమి. పై అధికారి చేవ్రాలు పెట్టెను. నియమము ప్రకారము కాగితములను చించి, కాగితపు మిల్లుకు పోవు లారీలో వేసిరి. మేము చట్టము తప్పలేదు. పై అధికారియు తప్పలేదు. చెప్పినచో రెండు కాగితములు వేరుగా ఉంచుటకు ఆయన అడ్డుచెప్పెడివాడు కాడు. మేము నోరు తెరవలేదు. చదువరాని వారి చేతిలో నూరేండ్లు బ్రతికిన కాగితములు చదువవచ్చిన మా చేతిలో ఒక వారములో పోయినవి. ఆ "చిల్లర" అన్న మాట మా నోట వచ్చినదే.

ఆ రోజులలో మాకు పశ్చాత్తాపము కలుగలేదు. పని ముగిసినదని సంతోషించితిమి. పింఛను పుచ్చుకొన్న రెండేండ్లకు ఒక ఒడియా యువకుడు మా ఇంటికి వచ్చెను. విశ్వవిద్యాలయమున చరిత్ర పరిశోధన చేయుచున్నాడు. అతని ఫోనులో వేరొక చోట తీసిన తెలుగు కాగితముల చిత్రములు ఇరువది వరకు ఉన్నవి. చదివి చెప్పువారికై మూడు నెలలుగా తిరుగుచున్నాడు. తెలుగు చదువవచ్చిన వారికి గొలుసుకట్టు రాదు. గొలుసుకట్టు వచ్చినవారు బ్రతికి లేరు. చదివి చెప్పితిమి. అవి సంతలలో తలారులు చేసిన వసూళ్లను గూర్చిన అర్జీలు. అతడు ఎంతో సంతోషించి, "మవుసా, ఇవి పై అధికారులు వ్రాసిన సారాంశములు. బాధపడినవారి మాట ఒక్కటైన దొరికిన ఎంతో మేలు. మీ కచేరీలో ఇటువంటివి ఎప్పుడైన చూచితిరా?" అని అడిగెను.

చూచితిమని చెప్పుటకు మాకు కొంతసేపు పట్టినది. జరిగినదంతయు చెప్పితిమి. అతడు మమ్ము ఒక్క మాట అనలేదు. ఆమెకు ఏ సంవత్సరమున చెంబు తిరిగి వచ్చినదని మాత్రము అడిగెను. సంవత్సరము మాకు జ్ఞాపకము లేదు. ఊరి పేరును జ్ఞాపకము లేదు. జ్ఞాపకమున్న నాలుగు మాటలను అతడు వ్రాసికొని, "దీనిని సాక్ష్యముగా చూపలేను గదా" అని పెన్ను మూసెను. నిజమే. వినికిడి సాక్ష్యము చెల్లదని ముప్పదియెనిమిది ఏండ్లు కోర్టులో ఉన్న మాకు ఒకరు చెప్పవలెనా?

పాత నేరముల కాగితములు దేనికని అడుగువారికి మా ప్రాంతపు కథయే ఒకటి చెప్పెదము. 1942 ఆగస్టు 21న కొరాపుట్ ప్రాంతమున మాథిలి వద్ద క్విట్ ఇండియా ఉద్యమకారులపై పోలీసులు కాల్పులు జరిపిరి. ఆనాటి గందరగోళమున ఒక అటవీ గార్డు మరణించెను. ఆ హత్యానేరము లక్ష్మణ నాయకుడను గిరిజన నాయకుని మీద మోపబడెను. 1943 మార్చి 29న బరంపురము జైలులో ఆయనను ఉరితీసిరి. ఆనాటి తీర్పు ఆయనను హంతకుడన్నది. ఈనాడు ఒడిశా ప్రజలు ఆయనను అమరవీరుడని కొలుచుచున్నారు. ఇటువంటి విషయమున నమ్మకము మాత్రము చాలదు. ఎవరేమి సాక్ష్యమిచ్చిరి, ఏది నిలిచినది, ఏది నిలువలేదు అని మరల చూడవలెనన్న కోర్టు కాగితమే ఆధారము. శిక్ష వేసిన కాగితమే శిక్ష తప్పని చూపగల కాగితమగును. దానిని కాల్చినవాడు ముద్దాయికి చివరి అప్పీలు లేకుండ చేసినవాడగును.

మన్యపు పోరాటమును చూడుడు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి చేసెను. ఆ పోరాటమును అణచజూచిన ప్రభుత్వము ప్రతిదినము జరిగినదానిని కాగితము మీద పెట్టినది. తన శత్రువును గూర్చి వ్రాసికొన్న ఆ కాగితముల వలననే చరిత్రకారులు ఆ వీరుని దినచర్యను తెలిసికొనగలిగిరి. పాటలలో వీరుడు నిలుచును. తేదీలు దస్తరములలోనే నిలుచును.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. అది తేలికైనది కాదు. "మా తాత జైలుకు పోయిన సంగతి మనుమలకు తెలియవలెనా? పోనిండు, తగులబెట్టుడు" అని ఒక పెద్దమనిషి మాతో అన్నాడు. ఠాణాలలో అలవాటు నేరస్థుల పేర్లకు ప్రక్కన ఇంగ్లీషున "కె.డి." అని రెండక్షరములు వ్రాసెడివారు. ఆ రెండక్షరములు తెలుగులో "కేడీ" అను తిట్టయి నిలిచినవి. అంతకంటె ఘోరము, 1871లో పుట్టి 1911లో మదరాసు రాజధానికి వచ్చిన నేరస్థ జాతుల చట్టము. ఆ చట్టము క్రింద పసిబిడ్డ కూడ పుట్టుకతోనే రిజిస్టరుకెక్కదగిన జాతివాడయ్యెను. మదరాసు ప్రభుత్వము దానిని 1947లో రద్దుచేసినది. దేశమందంతటను 1952లో రద్దయినది. ఆ రిజిస్టర్లలో పేరున్న కుటుంబములవారు వాటిని తలచుకొనుటకే ఇష్టపడకుండుట సహజము.

మేము చెప్పునది ఇది. ఆ రిజిస్టరు ఎవరికి సిగ్గు? అందు పేరెక్కినవానికా, ఎక్కించినవానికా? రిజిస్టరును కాల్చినచో పేరు పడిన మచ్చ పోదు, మచ్చ వేసిన చేయి మాత్రము కనబడకుండ పోవును. 1855 నాటి చిత్రహింసల నివేదిక నిలిచియుండుటవలన గదా ఆనాడు జనులు పడిన బాధ కట్టుకథ కాదని చెప్పగలుగుచున్నాము! అయితే బ్రతికియున్నవారి పరువు కూడ పరువే. వారును, వారి బిడ్డలును ఉన్నంత కాలము అటువంటి కాగితములను తాళము వేసి యుంచవలెను. తాళము వేరు, నిప్పు వేరు.

ప్రభుత్వములును న్యాయస్థానములును ఏమియు చేయుట లేదని మేము అనము. మదరాసు ఎగ్మూరులో 1909లో కట్టిన దస్తరముల భవనము, నేటి తమిళనాడు పురాతత్త్వ దస్తరశాల, మన పూర్వుల కాగితములు ఎన్నిటినో కాపాడినది. అదే ఎగ్మూరులో పాత పోలీసు కమిషనరు కచేరిని 2021లో పోలీసు మ్యూజియముగా మార్చిరి. కటకమున ఒరిస్సా హైకోర్టు వారు 2021లో కోర్టు దస్తరములను కంప్యూటరుకు ఎక్కించు కేంద్రమును, 2023లో న్యాయ మ్యూజియమును తెరచిరి. మ్యూజియములో కత్తులు, తుపాకులు, పాత టోపీలు చూచి పిల్లలు సంతోషింతురు. సంతోషింపనిండు. కాని కత్తి మాటాడదు. కాగితము మాటాడును, చదువువాడు ఉన్నచో.

ఇప్పుడు మరియొక తొందర వచ్చినది. 2024 జూలై 1 నుండి పాత శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. హత్యకు 302, దొంగతనమునకు 379, మోసమునకు 420 అని నూటయరువది యేండ్లుగా జనులందరికిని తెలిసిన అంకెలు మారి 103, 303, 318 అయినవి. ఇక ఇరువది యేండ్లకు పాత తీర్పును తెరచిన పిల్లవానికి భాషయే కాదు, అంకె కూడ తెలియదు. మా తరము గుమాస్తాలు పోకముందే ఆ తెలిసినదానిని చెప్పిపోవలెను.

కనుక సంఘ సభ్యులకు మా విన్నపములు కొన్ని.

మన కుటుంబములలో వకీళ్లు, కరణములు, హెడ్ కానిస్టేబుళ్లు, జైలు ఉద్యోగులు, నకలు గుమాస్తాలు ఎందరో ఉండిరి. అటక మీది పెట్టెలలో వారి కాగితములు ఉండును. ఇల్లు దులుపునప్పుడు పాత సామానులవానికి తూకము వేయకుడు. వేయకముందు చదువవచ్చిన ఒకరికి చూపుడు. చిల్లరదని ఎవరైన అన్నచో నమ్మకుడు. మేమును అట్లే అంటిమి.

చిరిగిన కాగితమునకు జిగురు టేపు అంటింపకుడు. అది కొన్నియేండ్లకు పసుపుపచ్చని మరకయై అక్షరములను తినును. ఇనుప గుండుసూదులు త్రుప్పుపట్టును, తీసివేయుడు. ప్లాస్టికు పొరలో అతికించినచో మరల విడదీయుటకు రాదు. ఉతికిన నూలుగుడ్డలో పరచి చుట్టి, చెమ్మలేని చోట ఉంచుడు. ఎండలో పెట్టకుడు. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనున్నది. పగటి వెలుతురున ప్రతి పుటకును చిత్రము తీసి, ఎవరిది, ఎక్కడిది, ఏనాటిది అని ప్రక్కన వ్రాసి యుంచుడు.

పిల్లలకు తెలుగక్షరములు నేర్పుడు. ఇంట మాటాడినంత మాత్రమున చాలదు. మాట వచ్చి లిపి రాని బిడ్డ తన తాత ఇంటి ముంగిట నిలిచి తాళపుచెవి లేనివానివంటివాడు. ఆసక్తి గలవారికి గొలుసుకట్టును, తెలుగు అంకెలను, కాలు, అర, ముప్పాతిక, వీసముల గుర్తులను, ఫసలీ లెక్కను కూడ చెప్పుడు. ఫసలీకి 590 కలిపినచో ఇంగ్లీషు సంవత్సరము వచ్చునన్న చిన్న సంగతి తెలియక కాగితముల తేదీలు తప్పు వ్రాసినవారిని చూచితిమి.

సంఘము వారు ఒక పట్టిక సిద్ధపరచవలెను. పాత తెలుగు వ్రాతను చదువగల పెద్దలు ఏయే ఊళ్లలో ఎందరున్నారో అందు వ్రాసి, కోర్టులకును దస్తరశాలలకును పంపవలెను. "భాష తెలియదు" అను చీటీ ఏ కట్ట మీదనైన కనబడినచో మాకు కబురు పంపుడు, మేము వచ్చి ఉచితముగ చదివి పెట్టెదమని చెప్పవలెను. ఈ సేవకు డబ్బు అక్కరలేదు. కళ్లజోడును, బస్సు చార్జీయును చాలును. ఒరిస్సాలోనే కాదు, తమిళనాడు, కర్ణాటకము, మహారాష్ట్రము, యానాములలో ఉన్న మనవారందరును తమ తమ చోట్ల ఈ పని చేయవచ్చును. తమిళ దేశపు పాత కచేరీలలో తెలుగు కాగితము దొరికినచో దానిని చదివి పెట్టుట అచ్చటి తెలుగువారి వంతు గదా!

మా మాట ముగించెదము. ఆ పరిశోధక యువకుడు ఇప్పటికిని ఆదివారములు మా ఇంటికి వచ్చుచుండును. మా మనుమనికి తెలుగు మాటాడుటయే గాని చదువుట రాదు. పరాయి బిడ్డ వచ్చి మన అక్షరములు దిద్దుచుండగా చూచి వానికి రోషము వచ్చినదో, సరదా వచ్చినదో, వాడును పలక పట్టుకొని ప్రక్కన కూర్చుండినాడు. మా తాతగారి పెట్టెలో దొరికిన ఒక పాత తీర్పు నకలు వారికి పాఠ్యపుస్తకము. ఎద్దు పొలములో పడిన కేసది. మొన్న ఆదివారము ఇద్దరును కలిసి మొదటి నాలుగు పంక్తులు చదివిరి. అయిదవ పంక్తిలో ఒక మాట దగ్గర ఆగిపోయిరి. మా మనుమడు, "తాతా, ఇది అంత ముఖ్యమైనదా? ఎద్దు గొడవేగా, వదిలేసి తర్వాతది చదవమా?" అని అడిగెను.

వదలవద్దంటిమి. ముగ్గురమును కూర్చుండి ఆ మాటను కూడబలుకుకొంటిమి. అది ఎద్దు యజమాని పేరు.